పరాయి గడపలో దొరికిన తల్లి



ఉపాధ్యాయునిపై చేయి ఎత్తిన విద్యార్థిని ఏమి చేయాలి? బోధనావృత్తిలో తల నెరసిన ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకనాడు ఎదురయ్యే ఉంటుంది. మాకూ ఎదురయింది. అప్పుడు మేము ఇచ్చిన సమాధానం ఏమిటో వ్యాసం చివరలో మనవి చేసుకుంటాము. ముందుగా మన దేశానికీ, మన ధర్మానికీ చెందని ఒక పిల్లవాని కథ చెప్పవలసి ఉంది. ఆ కథ చదివిన నాటి నుండి మా మనసు మా సమాధానాన్ని తిరిగి తిరిగి తూకం వేస్తూనే ఉంది.

అమెరికాలోని సాల్ట్ లేక్ నగరం. సంవత్సరం 1854. ఒక బడిలో ఉపాధ్యాయుడు చిన్నపిల్లను శిక్షించడానికి తోలు పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ పిల్ల పేరు మార్తా ఆన్. అదే గదిలో ఆమె అన్న కూర్చుని ఉన్నాడు. అతని వయస్సు పదిహేనేళ్ళు. చెల్లెలిని ఆ పట్టీతో కొట్టవద్దని అతడు లేచి అడ్డు చెప్పాడు. ఉపాధ్యాయుని ఆగ్రహం చెల్లెలి మీది నుండి అన్న మీదికి మళ్ళింది. కానీ దెబ్బలు తిన్నది పిల్లవాడు కాదు, ఉపాధ్యాయుడే. ఆ పూటతో అతని చదువు ముగిసింది.

ఆ బాలుని పేరు జోసెఫ్ ఎఫ్. స్మిత్. ఐదేళ్ళ వయస్సులో, 1844లో, అతని తండ్రి హైరమ్‌ను ఇల్లినాయి రాష్ట్రంలోని ఒక కారాగారంలో అల్లరిమూక కాల్చి చంపింది. 1852లో తల్లి కన్నుమూసింది. తండ్రి పోయినప్పుడు ఏడవడానికి తల్లి ఒడి ఉంది. తల్లి పోయిన తరువాత మిగిలింది కోపం ఒక్కటే. అనాథ బాలుర కోపాన్ని మేము దగ్గరగా చూశాము. అది పైకి పొగరులా కనిపిస్తుంది. లోపల అది, ఎవరూ వినని ఏడుపు.

అతడు మోర్మన్లు అని పిలువబడే వర్గంలో పుట్టినవాడు. ఈ పేరు మన పాఠకులలో కొందరికి కొత్త కావచ్చు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ బాలుని చిన్నాన్న, అంటే సాక్షాత్తు అతని తండ్రికి తమ్ముడైన జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ శాఖ ఇది. అన్నదమ్ములిద్దరినీ ఆ మూక ఒకే రోజున చంపింది. తరువాత ఆ వర్గీయులు తమ ఊళ్ళు విడిచి, 1847 నుండి పడమటి ఎడారి ప్రాంతమైన యూటాలో స్థిరపడ్డారు. వారి విశ్వాసానికీ మన విశ్వాసానికీ మధ్య మౌలికమైన భేదాలున్నాయి. తౌహీద్ విషయంలోనూ, దైవదౌత్యం ముగిసిందన్న విషయంలోనూ మన మార్గం వేరు. ఆ చర్చ ఈనాటి మన అంశం కాదు. ఒక పిల్లవాడు పరాయి ప్రజల మధ్య ఎలా బ్రతికాడు, ఆ ప్రజలు అతన్ని ఎలా చూసుకున్నారు అన్నదే మన అంశం.

బడి తలుపు మూసుకున్న కొద్దికాలానికే, 1854 ఏప్రిల్‌లో జరిగిన వారి మహాసభలో, ధర్మప్రచారానికి వెళ్ళవలసిన వారి పేర్లలో అతని పేరు కూడా చదివారు. పంపిన చోటు హవాయి దీవులు. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఆ దీవులు అప్పటికి అమెరికాలో భాగం కావు. స్వంత రాజు గల స్వతంత్ర రాజ్యం. వెళ్ళేవానికి జీతం లేదు, దారి ఖర్చు కూడా లేదు. అతడు ఎడారి దాటి కాలిఫోర్నియా చేరాడు. అక్కడ ఇంటి కప్పులకు వేసే చెక్క పెంకులు తయారుచేసే పనిలో కుదిరి, ఓడ ఖర్చుకు కావలసిన సొమ్ము సంపాదించుకున్నాడు. సెప్టెంబరు నెలాఖరులో హొనొలులు రేవులో దిగాడు. పదహారేళ్ళు నిండడానికి ఇంకా కొన్ని వారాలు ఉంది.

అతన్ని మావీ అనే దీవికి పంపారు. హలేఅకలా అనే మహాపర్వతపు వాలులో కులా అనే ప్రాంతం అతని నివాసం. భాష రాదు. తెలిసిన ముఖం లేదు. అక్కడికి చేరిన కొద్దిరోజులకే తీవ్రమైన జ్వరం పట్టుకుంది. ఎవరికి ధర్మం బోధించడానికి వచ్చాడో వారి గుడిసెలో, వారి చాప మీద, నోట మాట రాక పడి ఉన్నాడు.

ఆ సమయంలో ఒక హవాయి స్త్రీ అతన్ని తన బిడ్డలలో ఒకనిగా చేర్చుకున్నది. ఆమె పేరు మనుహీ. జ్వరం దిగేదాకా ఆమె అతనికి సపర్యలు చేసింది. ఆమె మాట అతనికి అర్థం కాదు, అతని మాట ఆమెకు అర్థం కాదు. అయినా నుదుటి మీద వేసిన తడిగుడ్డకు అనువాదం అవసరం లేదు కదా!

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆనాటి హవాయి ప్రజల స్థితిని గుర్తుంచుకోవాలి. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చిన నాటి నుండి, బయటివారు మోసుకొచ్చిన వ్యాధులు ఆ జాతిని తుడిచిపెడుతూ వచ్చాయి. ఈ పిల్లవాడు అడుగుపెట్టడానికి ఒక్క ఏడాది ముందు, 1853లో, మశూచి సోకి వేలాది మంది మరణించారు. ఆ రోగం కూడా ఓడ మీదనే వచ్చింది. అటువంటి కాలంలో, ఓడ దిగి వచ్చిన తెల్లపిల్లవాడు జ్వరంతో మూలుగుతుంటే, తలుపు మూసుకోవడానికి ఆ తల్లికి ఎన్ని కారణాలు ఉండాలి! ఆమె తలుపు మూయలేదు. చేసిన మేలు కన్నా, ఆ మేలు చేసిన కాలం గొప్పది.

జ్వరం తగ్గిన తరువాత అతడు చేసిన మొదటి పని భాష నేర్చుకోవడం. హవాయి లిపిలో ఐదు అచ్చులు, ఏడు హల్లులు, వాటికి తోడు గొంతులో ఆగే ఒక చిన్న విరామ గుర్తు మాత్రమే ఉంటాయి. అక్షరాలు కొద్దివే కాబట్టి భాష తేలిక అనుకోరాదు. అచ్చు పొడవు మారితే అర్థం మారిపోతుంది. నూరు రోజులలోపే తాను ఆ భాషలో మాట్లాడగలిగానని, ప్రార్థించగలిగానని అతడే పెద్దయ్యాక చెప్పుకున్నాడు. బడిలో నిలువలేని పిల్లవాడు నూరు రోజులలో ఒక భాష ఎలా నేర్చాడు? మాకు తోచిన జవాబు ఒక్కటే. బడిలో అతనికి ఎదురుగా ఉన్నది తోలు పట్టీ. ఇక్కడ ఎదురుగా ఉన్నది అన్నం పెట్టే చేయి.

హవాయి వారు అతని పేరును తమ నాలుకకు అనువుగా ‘ఇయోసెపా’ అని పిలిచారు. జోసెఫ్ అన్నా, ఇయోసెపా అన్నా, మనం యూసుఫ్ అని పిలుచుకునే పేరే అది. చిన్ననాటనే ఇంటికి దూరమై, పరాయి దేశంలో పరాయి ఇంట పెరిగిన హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథను దివ్యఖుర్ఆన్‌లో చదివే మన ఇళ్ళలో, ఈ పేరు తేలికగా దాటిపోదు.

ఇక అతని దినచర్య. తిండి అక్కడివారి తిండే. ‘పోయి’ అనేది వారి ప్రధానాహారం. మన వంటిళ్ళలో వేపుడు చేసుకునే చేమదుంప జాతికి చెందిన దుంపనే ఉడికించి, రాతితో మెత్తగా దంచి, నీరు కలిపి, పులియనిచ్చి తింటారు. అందరికీ నడుమ ఒకే పాత్ర. వ్రేళ్ళతో తీసుకుని తినాలి. కొత్తవారికి ఆ పులుపూ జిగురూ మొదట్లో సహించవు. అయితే ఆ పాత్ర చుట్టూ ఒక చక్కని మర్యాద ఉన్నది. పోయి పాత్ర మూత తీసి ఉన్నంతసేపు ఆ ఇంట్లో ఎవరూ పోట్లాడుకోరాదు, కటువుగా మాట్లాడరాదు. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే ఆచారం మన దస్తర్‌ఖాన్లకు కొత్త కాదు. కానీ దస్తర్‌ఖాన్ పరచి ఉన్నంతసేపు కోడలి తప్పులు ఎంచరాదన్న నియమం మన ఇళ్ళలో ఎన్నింట ఉన్నదో ఎవరికి వారే చూసుకోవాలి.

పేదరికం సంగతి చెప్పనక్కరలేదు. 1856లో లనాయ్ దీవిలో నిప్పు అంటుకుని అతని పెట్టె కాలిపోయింది. బట్టలు, పుస్తకాలు, అప్పటిదాకా వ్రాసుకున్న దినచర్యలు బూడిదయ్యాయి. అతనికీ, అతని సహచరునికీ కలిపి మిగిలింది ఒక్క జత మంచి బట్టలు. కొంతకాలం పాటు, ఒకరు ఆ బట్టలు వేసుకుని సభకు వెళ్తే, రెండవవాడు తిరిగి వచ్చేదాకా పడక మీదనే ఉండేవాడట. మా మదర్సాలో చదువుకున్న రోజులలో పండుగ నాటి షేర్వానీ ఒకటే ఉండి, అన్నదమ్ములు ఇద్దరూ రెండు మసీదులలో రెండు వేర్వేరు సమయాల నమాజుకు వెళ్ళిన ఇల్లు మేము ఎరుగుదుము. పేదరికం ఏ దీవిలోనైనా ఒకే భాష మాట్లాడుతుంది.

చెల్లెలు మార్తా ఆన్‌కు అతడు ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నాడు. ఓడలలో నెలల తరబడి ప్రయాణించిన ఆ ఉత్తరాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. తోలు పట్టీ నుండి కాపాడిన చెల్లెలికి, సముద్రం అవతలి నుండి మంచిచెడ్డలు చెబుతూ అతడు తల్లీ తండ్రీ తానే అయ్యాడు. దాదాపు నాలుగేళ్ళ తరువాత, 1858లో, పంతొమ్మిదేళ్ళ యువకుడిగా ఇల్లు చేరాడు. వెళ్ళింది నేర్పడానికి. కానీ ఆ నాలుగేళ్ళలో తానే ఎక్కువ నేర్చుకుని, తానే పెంపకానికి నోచుకుని తిరిగి వచ్చాడని మేము భావిస్తున్నాము.

కాలం గడిచింది. 1901లో అతడు ఆ వర్గానికంతటికీ అధ్యక్షుడయ్యాడు. గడ్డం నెరసింది. ఆ హోదాలో ఒకసారి హవాయికి వెళ్ళినప్పుడు, రేవులో జనం పూలమాలలతో స్వాగతం పలికారు. అంతలో, చూపు కోల్పోయిన ఒక వృద్ధురాలు, సుమారు తొంభై ఏళ్ళామె, ఎవరో చేయి పట్టుకుని నడిపిస్తుండగా వచ్చింది. చేతిలో కొన్ని అరటిపండ్లు. ‘ఇయోసెపా’ అని పిలిచింది. ఆ పిలుపు విన్నదే తడవుగా ఆయన జనాన్ని వదలి ఆమె దగ్గరకు పరుగెత్తాడు. ఆమెను గుండెకు హత్తుకుని, అమ్మా అని పిలుస్తూ ఏడ్చాడు. పక్కనున్న మిత్రునితో, చిన్ననాడు జబ్బుపడి దిక్కులేక ఉన్నప్పుడు తనను ఇంట చేర్చుకుని తల్లి అయినది ఈమేనని చెప్పాడు. ఆ మిత్రుడే ఈ సంఘటనను గ్రంథస్థం చేశాడు. అర్ధశతాబ్ది గడచినా ఆమె తన బిడ్డ కోసం తేగలిగింది తెచ్చింది. ఆమెకు ఆయన పదవి తెలియదని కాదు. తల్లికి అది అక్కరలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పంపకం చేస్తున్న వేళ ఒక స్త్రీ వస్తే, ఆయన తన పై వస్త్రాన్ని పరచి ఆమెను కూర్చోబెట్టారనీ, ఆమె ఎవరని విచారించగా పాలిచ్చిన తల్లి అని తెలిసిందనీ హదీసు గ్రంథాలలో ఉన్నది. అనాథగా పెరిగినవారికి పెంచిన చేతుల విలువ తెలుస్తుంది.

కథ ఇక్కడ ముగిస్తే కన్నులు చెమర్చి ఊరుకుంటాము. కానీ చరిత్ర ఇంకొక పుట తిప్పమంటున్నది.

ఆ ధర్మాన్ని స్వీకరించిన హవాయి కుటుంబాలు కొన్ని సముద్రం దాటి సాల్ట్ లేక్ నగరానికి వలస వచ్చాయి. తమ దీవులలో ఎందరో తెల్లపిల్లలకు అన్నం పెట్టిన ప్రజలు వారు. నగరంలో వారికి పని దొరకడం కష్టమయింది. పక్క ఇళ్ళవారి చూపులలో చిన్నచూపు ఎదురయింది. చివరకు 1889లో, నగరానికి పడమరగా, స్కల్ వ్యాలీ అనే ఎడారి లోయలో వారికి ప్రత్యేకంగా ఒక ఊరు ఏర్పాటు చేశారు. స్థలాన్ని చూసి ఎంచినవారిలో హవాయీయులు కూడా ఉన్నారన్నది నిజమే. ఆ ఊరికి ‘ఇయోసెపా’ అని పేరు పెట్టుకున్నారు. మనుహీ గుడిసెలో జ్వరపడి లేచిన ఆ పిల్లవాని పేరే అది. ఆనాటికి ఆయన తన వర్గంలో పెద్దల సరసన ఉన్నాడు.

సముద్రపు గాలిలో పుట్టినవారు ఉప్పునేలలో కాలువలు తవ్వారు, చెట్లు నాటారు, ఇళ్ళు కట్టారు. వేసవిలో మండే ఎండ, శీతకాలంలో మంచు. కొందరికి కుష్ఠు సోకితే ఊరి వెలుపల వేరు ఇల్లు. సుమారు ముప్ఫై ఏళ్ళకే, హవాయిలో వారి దేవాలయ నిర్మాణం ఆరంభమయ్యాక, ఒక్కొక్క కుటుంబమే తిరిగి వెళ్ళిపోయింది. 1917 నాటికి ఊరు ఖాళీ అయింది. నేడు అక్కడ మిగిలింది ఒక శ్మశానవాటిక. ఏటా ఒకసారి వారి వంశీయులు వచ్చి సమాధులను పూలతో అలంకరిస్తారు.

మేము ఎవరినో నిందించడానికి దీన్ని వ్రాయటం లేదు. ఆయన ప్రేమ అబద్ధం కాదు. రేవులో కార్చిన కన్నీరు నిజమైనది. కానీ ఒక మనిషి హృదయం తీర్చుకోగల ఋణం వేరు, ఒక సమాజం తీర్చవలసిన ఋణం వేరు. తల్లిని కౌగిలించుకోవడానికి ఒక్క క్షణం చాలు. తల్లి జాతికి పక్కింట చోటు ఇవ్వడానికి పెద్ద మనసు కావాలి. మనుహీ అతన్ని ఊరి వెలుపల ఉంచి అన్నం పంపలేదు. తన చాప మీదనే పడుకోబెట్టింది. ఈ రెండింటి మధ్య తేడాయే ఈ వ్యాసం చెప్పదలచిన మాట.

మక్కాలో హింస భరించలేక అబిసీనియాకు వెళ్ళిన సహాబీలకు అక్కడి క్రైస్తవ రాజు నజాషీ ఆశ్రయమిచ్చిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. కానీ దాని తరువాతి ఘట్టం తక్కువగా చెప్పుకుంటాము. నజాషీ తరఫున ఒక ప్రతినిధి బృందం వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) స్వయంగా లేచి వారికి సేవ చేశారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ పని తాము చేస్తామని సహచరులు ముందుకు వస్తే, వారు మన వారిని గౌరవించారు, దానికి బదులు నేనే స్వయంగా తీర్చుకోవాలని ఉంది అన్న భావంతో సమాధానమిచ్చారట. పరాయి గడపలో తిన్న అన్నం మరచిపోరాదన్న పాఠం ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

నేటికీ ఆ వర్గపు యువతీయువకులు పదుల వేల సంఖ్యలో అలాగే ఇల్లు విడిచి వెళుతుంటారు. యువకులు పద్దెనిమిదేళ్ళు నిండాక రెండేళ్ళు, యువతులు కూడా పద్దెనిమిది నిండాకే ఏడాదిన్నర. ఎక్కడికి వెళ్ళాలో వారు కోరుకోరు. పెద్దల నుండి వచ్చిన పిలుపులో ఏ దేశం ఉంటే అదే. ఖర్చు స్వంతం, లేదా కన్నవారిది. ఎప్పుడూ ఇద్దరేసి కలిసే నడుస్తారు. మద్యం, పొగాకుతో పాటు టీ, కాఫీలు కూడా ముట్టరు. పూర్వం ఇంటికి ఏడాదికి రెండుసార్లే ఫోను చేయనిచ్చేవారు. 2019 నుండి వారానికొకసారి మాట్లాడుకోవచ్చు. మన హైదరాబాదులోనూ వారి సంఘం ఉన్నది. భారతదేశంలో వారి మొదటి పెద్ద మండలం 2012లో అక్కడే ఏర్పడింది.

ఈ పిల్లల రోజులు ఎలా గడుస్తాయో ఊహించడం కష్టం కాదు. తట్టిన తలుపులలో ఎక్కువ భాగం తెరుచుకోవు. తెరిచినవారు టీ ఇస్తే, నొప్పించకుండా వద్దనడం నేర్చుకోవాలి. నాలుక తిరగని భాషలో తప్పు మాట దొర్లి నలుగురూ నవ్వితే, తామూ నవ్వడం నేర్చుకోవాలి. సాయంత్రానికి తల్లి గుర్తుకు వస్తుంది. ఆ సమయంలో ఏదో ఒక దేశంలో, ఏదో ఒక మనుహీ, వారి మతంతో నిమిత్తం లేకుండా, ఎండన పడి వచ్చావు, కాసిని మంచినీళ్ళు తాగమంటుంది. ఆమె తన విశ్వాసాన్ని వదులుకోదు, అతని విశ్వాసాన్ని స్వీకరించదు. ఒక పరాయి తల్లి బిడ్డకు దాహం తీరుస్తుంది, అంతే. అటువంటివారు మన గుమ్మంలోకి వస్తే, వారి బోధను మర్యాదగా కాదనడానికి మనకు పూర్తి హక్కు ఉంది. మంచినీళ్ళు కాదనే హక్కు మాత్రం మనకు లేదు.

ఇక మా సమాధానం.

ఇరవై రెండేళ్ళ క్రితం మా వద్ద ఒక పిల్లవాడు చదువుకునేవాడు. తండ్రి లేడు. పదిహేనేళ్ళు. అతని తమ్ముడు కూడా అదే మదర్సాలో చిన్న తరగతిలో ఉండేవాడు. సబఖ్ అప్పజెప్పలేదని ఒక యువ ఉస్తాద్ తమ్ముని చెవి మెలిపెట్టి గోడకు నెట్టారు. అన్న వచ్చి ఆ ఉస్తాద్ చొక్కా పట్టుకున్నాడు, చేయి కూడా చేసుకున్నాడు. విచారణ బాధ్యత మాది. ఉస్తాద్ గౌరవం నిలబెట్టాలని మాత్రమే ఆలోచించాము. తమ్ముని చెవి సంగతి అడగలేదు. అస్ర్ నమాజు అయిన వెంటనే రేకు పెట్టెతో సహా పిల్లవానిని బస్సు ఎక్కించాము. ఆ రోజు న్యాయం చేశామనే అనుకున్నాము.

నాలుగేళ్ళ క్రితం ఒక పని మీద కోస్తాలోని ఒక పట్టణానికి వెళ్ళినప్పుడు, మిత్రుని మోటారు సైకిలు దారిలో ఆగిపోయింది. నెట్టుకుంటూ ఒక మరమ్మతు దుకాణానికి చేరాము. గ్రీజు చేతులతో లోపలి నుండి వచ్చిన వ్యక్తి మమ్మల్ని చూసి ఆగాడు.

“అస్సలాము అలైకుమ్, హజ్రత్. బండి ఇటివ్వండి” అన్నాడు.

గొంతు మారింది గాని కళ్ళు మారలేదు. కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు. పాత సంగతి ఒక్కటి కూడా ఎత్తలేదు. మాకే ఏమి మాట్లాడాలో తోచలేదు. ఇంతలో దుకాణం వెనుక ఇంట్లో నుండి నుదుట పెద్ద బొట్టుతో ఒక ముసలమ్మ టీ పట్టుకుని వచ్చారు. దుకాణం మొదట ఆమె భర్తదట. ఆయన పోయిన తరువాత ఇతడే నడుపుతున్నాడు.

“వీడికి చదువు చెప్పినవారా మీరు?” అని ఆమె సంతోషంగా అడిగారు. “మా ఇంటికి వచ్చేటప్పటికి పదిహేనేళ్ళు సాయిబుగారూ. బస్టాండులో ఆకలితో కూర్చుని ఉంటే మా ఆయన తీసుకొచ్చారు. పని బాగా చేసేవాడు గాని ఉపవాసాల నెలలో తెల్లారగట్ల లేచేవాడు కాదు. ఎన్ని పిలుపులు పిలిచినా దుప్పటి ముసుగు తీయడే! నేనే గడియారం పెట్టుకుని లేచి, అన్నం వేడి చేసి, నీళ్ళు చల్లి లేపేదాన్ని.”

మేము బస్సు ఎక్కించాము. అతడు ఇంటికి చేరాడో లేదో కనుక్కోలేదు. మేము మూసిన తలుపుకు వెలుపల, అతని రోజాను కాపాడింది రోజా అంటే ఏమిటో తెలియని ఒక తల్లి. ఆ టీ గ్లాసు చేతిలో పట్టుకుని మేము ఎంతసేపు కూర్చున్నామో గుర్తు లేదు. లేచేటప్పుడు, ఆ రోజు నీ మాట మేము వినలేదు, మమ్మల్ని క్షమించు బాబూ అన్నాము. అతడు తల వంచుకుని స్పానరు తుడుస్తూ, “తమ్ముడు హాఫిజ్ అయ్యాడు హజ్రత్, మీ దగ్గరే కదా” అన్నాడు. మరమ్మతుకు ఎంతయిందంటే లెక్క చెప్పి తీసుకున్నాడు. తీసుకోకపోయి ఉంటే మాకు ఇంకా కష్టమయ్యేది.

కొద్దికాలం తరువాత మేము జోసెఫ్ ఎఫ్. స్మిత్ బాల్యం గురించి చదివాము. ఆ పుటలో సాల్ట్ లేక్ నగరపు ఉపాధ్యాయుని చేతిలో ఉన్న తోలు పట్టీ మాకు మా చేతిలోనే కనిపించింది.

ప్రియ సోదర సోదరీమణులారా! మన బిడ్డలు నేడు చదువుకో, పనికో గల్ఫ్ దేశాలకూ, బెంగుళూరుకూ, అమెరికాకూ వెళుతున్నారు. వారికి ఎక్కడో ఒక పరాయి చేయి అన్నం పెడుతూనే ఉంటుంది. పెట్టిన చేతిని గుర్తుంచుకోమని, ఆ ఊరి భాష నేర్చుకోమని, తినలేని దాన్ని మర్యాదగా కాదని, తినగలిగిన దాన్ని తృప్తిగా తినమని చెప్పి పంపండి. అలాగే, మన వీధిలో ఇల్లు కట్టడానికి ఒడిశా నుండో, బీహారు నుండో వచ్చిన పిల్లవాడు, మేడ మీద గదిలో అద్దెకు ఉండే విద్యార్థి, వీరందరూ ఎవరో ఒక తల్లి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న బిడ్డలే. జ్వరమొస్తే వారి తలుపు తట్టేది ఎవరు? ఈ నెల ఒక్కరి పేరు అడగండి. ఒక్కపూట మీ దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టండి. గిన్నె బయటికి పంపడం కాదు, లోపలికి పిలవండి.

మదర్సాలలో బోధించే మా సోదరులకు మరొక విన్నపం. చేయి ఎత్తిన పిల్లవానిని విచారించేటప్పుడు, ఆ చేయి ఎవరిని కాపాడటానికి లేచిందో ముందు అడగండి. క్రమశిక్షణ అవసరమే. కానీ బస్సు ఎక్కించిన తరువాత, వాడు ఇల్లు చేరాడా అని అడగడం కూడా మన బాధ్యతే.

అల్లాహ్ మన తలుపులను విశాలం చేయుగాక. మనం మూసిన తలుపుల వెలుపల మన బిడ్డలను కాపాడిన తల్లులందరికీ ఆయన ఉత్తమమైన ప్రతిఫలం ప్రసాదించుగాక. ఆమీన్.